గీత బాగుంది, రాతే బాలేదు: మెషినింగ్ డ్రాయింగులపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే గొడవ చుట్టూ తిరిగాయి. బొమ్మ కుదిరింది, కొలతలు కూడా పడ్డాయి, కానీ బెజ్జానికీ గాడికీ మరకీ పక్కన ఏం రాయాలి, ఎంతవరకు రాయాలి, ఎక్కడ ఆపాలి అన్నదే తేలట్లేదని. నేను పదేళ్లకు పైగా మిల్లింగ్ మెషిన్ దగ్గర నిలబడి వేరేవాళ్లు గీసిన డ్రాయింగులు చదివాను. తర్వాత డ్రాయింగులు చెక్ చేసే కుర్చీలోకి మారాను. కాబట్టి గీసేవాళ్ల తిట్లూ తిన్నాను, కోసేవాళ్ల తిట్లూ తిన్నాను. కింద చెప్పినవాటిలో కొన్ని రూల్ పుస్తకాల్లో ఉన్నవి, కొన్ని ఆ తిట్ల నుంచి నేర్చుకున్నవి.

ప్రశ్న: ఎం6 (6 మి.మీ. మెట్రిక్ మర) అలెన్ బోల్టుల తలలు ప్లేటులోకి పూర్తిగా దిగిపోవాలి. అలాంటివి నాలుగు. నేను ఒక్కో బెజ్జానికి ఒక్కో బాణం గీత లాగి "6.6 డ్రిల్లు వేసి, 11 ఎండ్‌మిల్‌తో 6 లోతు తియ్యాలి" అని నాలుగుసార్లు రాశాను. మా సీనియర్ ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి "ఒక్కటి చాలు, డ్రిల్లు మాట ఎందుకు" అని వెళ్లిపోయారు. తప్పేంటండీ?
— డిజైన్‌లో చేరి ఆరు నెలలైన అమ్మాయి

జవాబు: మీ సీనియర్ చెప్పింది రైటే, చెప్పిన తీరే బాలేదు. నాలుగు బెజ్జాలూ ఒకటే అయినప్పుడు ఏదో ఒకదానికి లీడర్ గీత లాగి ముందు సంఖ్య రాస్తే సరిపోతుంది:

4× ⌀6.6 త్రూ
⌴ ⌀11 ↧6.5

అంతే. మొదటి వరుసలో ఎన్ని, ఎంత వ్యాసం, అవతలికి వెళ్తుందా లేదా. రెండో వరుసలో తల దిగే కౌంటర్‌బోర్ వ్యాసం, లోతు. ఆ లీడర్ కూడా బెజ్జం గుండ్రంగా కనిపించే వ్యూలోనే, దాని అంచుకి తగిలేలా, పొడిగిస్తే సెంటర్ గుండా పోయేలా ఉండాలి. చాలామంది పక్క వ్యూలో చుక్కల గీతలకి లీడర్ తగిలిస్తారు, అది చూసేవాడికి ఏ బెజ్జమో తెలియక తల గోక్కోవాల్సిందే.

ఇక డ్రిల్లు మాట. డ్రాయింగ్ చెప్పాల్సింది పని అయ్యాక ఆ జాబ్ ఎలా ఉండాలో, ఏ మెషిన్ మీద ఏ కట్టర్‌తో చెయ్యాలో కాదు. అమెరికన్ స్టాండర్డ్ ఏఎస్‌ఎంఈ వై14.5 దీన్ని మూల నియమాల్లోనే పెట్టింది. మీరు "11 ఎండ్‌మిల్" అని రాశారనుకోండి, ఆ షాపులో 11 లేదు, 8 ఎండ్‌మిల్‌ని గుండ్రంగా తిప్పి అదే సైజు తెచ్చాడనుకోండి, జాబ్ పర్ఫెక్ట్‌గా ఉన్నా మీ డ్రాయింగ్ ప్రకారం అతను తప్పు చేసినట్టే! ఇన్‌స్పెక్షన్ వాళ్లలో ఒకరిద్దరు ఇలాంటివి పట్టుకుని కూర్చుంటారు కూడా. ఎలా చేశారన్నది పార్ట్ పనితనాన్నే మార్చేస్తుంటే, అప్పుడు మాత్రం ప్రాసెస్ రాయాలి. హీట్ ట్రీట్‌మెంట్ అయ్యాకే గ్రైండ్ చెయ్యాలి అన్నట్టువి.

6.6 ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకునే రాశారా, పాత డ్రాయింగ్‌లోంచి ఎత్తారా? ఐఎస్‌ఓ 273 లో ఎం6 బోల్టుకి వదులు బెజ్జం మూడు రకాలు, బిగువుకి 6.4, మామూలుకి 6.6, బాగా వదులుకి 7. మీరు తీసుకున్నది మధ్యది. లోతు మాత్రం మీరు 6 రాశారు, నేను 6.5 చేశాను. ఎం6 అలెన్ బోల్టు తల ఎత్తు సరిగ్గా 6, లోతు కూడా 6 ఇచ్చి జనరల్ టోలరెన్స్‌కి (కొలత ఎంత అటూ ఇటూ అయినా ఒప్పుకునే మామూలు హద్దుకి) వదిలేస్తే కొన్ని ప్లేట్లలో తల వెంట్రుకవాసి పైకి వస్తుంది. పైన ఇంకో ప్లేటు కూర్చోవాల్సి ఉంటే అసెంబ్లీలో మీ పేరు మోగిపోతుంది.

ఇంకో మాట, గుర్తుల గురించి. ఒకసారి మేం పంపిన ఫైలు అవతలివాళ్ల కంప్యూటర్లో తెరుచుకుంది గానీ గుర్తుల ఫాంట్ అక్కడ లేదు. ఆటోక్యాడ్ జీడీటీ ఫాంట్‌లో వ్యాసం గుర్తు వెనక ఉండేది ఇంగ్లిష్ చిన్నక్షరం ఎన్, కౌంటర్‌బోర్ వెనక వి, లోతు వెనక ఎక్స్. ఫాంట్ పోతే మిగిలేవి ఆ అక్షరాలే. 11 కీ 6.5 కీ మధ్య ఎక్స్ కనపడితే ఎవరైనా ఏమనుకుంటారు, 11 బై 6.5 స్లాట్ అనుకున్నారు. ఫోన్ చేసి అడిగారు కాబట్టి బతికాం. తప్పు మాదే, ఫైలుతో పాటు పీడీఎఫ్ పెట్టలేదు.

ప్రశ్న: 20 మి.మీ. ఉక్కు ప్లేటులో ఎం8 మర, లోతు 16 అని ఇచ్చాను. వెనక వైపు సీలింగ్ ఉంటుంది, బెజ్జం అవతలికి రాకూడదు. వచ్చింది. మెషినిస్ట్‌ని అడిగితే "నీ డ్రాయింగ్ ప్రకారమే చేశా" అంటున్నాడు. ఇది నా తప్పా, అతని తప్పా?
— మెయింటెనెన్స్ ఇంజనీర్

జవాబు: సగానికి పైగా మీదే. కోపం తెచ్చుకోకుండా లెక్క చూడండి.

మర కోసే ట్యాప్ మొదటి నాలుగైదు పళ్లు ఏటవాలుగా ఉంటాయి, అవి పూర్తి మర కొయ్యవు. అంటే 16 వరకు నిండు మర కావాలంటే డ్రిల్లు అంతకంటే లోతుకి దిగాలి, మామూలుగా మూడు నాలుగు పిచ్‌ల దూరం. ఎం8 పిచ్ (పక్కపక్క రెండు మర పళ్ల మధ్య దూరం) 1.25, నాలుగు పిచ్‌లంటే 5. అక్కడికే 21 అయింది. దాని కింద డ్రిల్లు మొన ఉంటుంది, 118 డిగ్రీల మొన, 6.8 డ్రిల్లుకి దాని ఎత్తు ఇంచుమించు 2. మొత్తం 23. ప్లేటు 20. ఇంక అతను ఎక్కడికి పోతాడు చెప్పండి! అడిగి ఉండాల్సింది, అది అతని వాటా తప్పు.

డ్రాయింగ్ మీద బెజ్జం లోతు అంటే నిండు వ్యాసం ఉన్నంతవరకే, మొన అందులో కలవదు. ఇది కొత్తవాళ్లకి కాలేజీలో ఎవరూ గట్టిగా చెప్పరు, మొన కూడా కలిపే కొలత అనుకుంటారు. అందుకే అవతలివైపు గోడ పలచగా ఉన్నచోట సెక్షన్ వ్యూ (అడ్డంగా కోసి చూపినట్టు ఉండే బొమ్మ) గీసి, మొన కింద ఎంత మిగలాలో కూడా చూపించడం మంచిది.

మీ కేసులో నేనైతే ముందు ఆ 16 దగ్గరే ఆగుతాను. ఉక్కు ప్లేటులో ఉక్కు బోల్టుకి దాని వ్యాసమంత మర పడితే చాలావరకు చాలు, అంటే 8 నుంచి 10. అల్యూమినియం అయితే ఒకటిన్నర నుంచి రెండింతలు. మీది ఉక్కు అంటున్నారు కాబట్టి మర లోతు 12 ధారాళంగా సరిపోతుంది. అప్పుడు ఇలా రాయండి: ఎం8-6హెచ్ ↧12, పక్కనే "డ్రిల్లు లోతు 16 మించరాదు". 16 మీద మొన 2 కలిపినా వెనక 2 మి.మీ. గోడ మిగులుతుంది. మర అయ్యాక ట్యాప్‌కి కూడా 4 మి.మీ. చోటు దొరుకుతుంది.

డ్రిల్లు వ్యాసం 6.8 అని కూడా రాయాలా అని తర్వాతి ప్రశ్న వస్తుంది, ఎప్పుడూ వస్తుంది. నేను రాయను. కోసే ట్యాప్ అయితే 6.8, కానీ కొన్నిచోట్ల లోహాన్ని కొయ్యకుండా నొక్కి మర చేసే ఫార్మింగ్ ట్యాప్ వాడతారు, దానికి బెజ్జం 7.4 దాకా కావాలి. మీరు 6.8 అని రాసి అతని చేతులు కట్టేయడం ఎందుకు? మర క్లాస్ (మర ఎంత బిగువుగా ఉండాలో చెప్పే కోడ్) రాయండి, లోపలి మరకి 6హెచ్, బయటి మరకి 6జి, గేజ్ వెళ్తే వెళ్లినట్టు.

పిచ్ సంగతి మాత్రం మరిచిపోవద్దు. ఐఎస్‌ఓ పద్ధతిలో ఉత్త ఎం8 అంటే ముతక పిచ్, 1.25. సన్న పిచ్ కావాలంటే ఎం8×1 అని రాసి తీరాలి.

ప్రశ్న: కౌంటర్‌సింక్‌కి వ్యాసం ఇవ్వాలా, లోతు ఇవ్వాలా? మావాళ్లు రెండూ ఇస్తారు.
— డిప్లొమా విద్యార్థి

జవాబు: వ్యాసం, కోణం. లోతు వద్దు, ఏటవాలు గుంతలో లోతు కొలవడం కన్నా పై అంచు వ్యాసం కొలవడం ఎంతో సులభం. రెండూ ఇస్తే అవి ఒకదానితో ఒకటి కొట్టుకున్నప్పుడు ఏది నమ్మాలో తెలియదు. కోణం మాత్రం గుడ్డిగా రాయకండి. మెట్రిక్ కౌంటర్‌సంక్ స్క్రూల తల 90 డిగ్రీలు, ఇంచు స్క్రూలది 82. తేడాగా వేస్తే తల ఒక సన్నటి గీత మీదే ఆనుతుంది. బిగించేటప్పుడు బాగానే ఉన్నట్టుంటుంది, వైబ్రేషన్‌కి వదులవుతుంది.

ప్రశ్న: షాఫ్ట్ మీద కీవే (చక్రం జారకుండా పెట్టే కీ కూర్చునే గాడి) లోతు నేరుగా 4 అని రాయకుండా, అవతలి వైపు నుంచి 21 అని రాయడం చూశాను. ఎందుకీ చుట్టుతిరుగుడు? షాఫ్ట్ వ్యాసం 25.
— ఒక పాఠకుడు

జవాబు: చుట్టుతిరుగుడులా ఉంటుంది గానీ దగ్గరి దారి అదే. 25 షాఫ్ట్‌కి స్టాండర్డ్ కీ 8 వెడల్పు, 7 ఎత్తు, షాఫ్ట్‌లో 4 లోతు, హబ్‌లో (షాఫ్ట్ మీదికి ఎక్కే చక్రం మధ్యభాగంలో) 3.3. ఆ 4 ని ఎక్కడి నుంచి కొలుస్తారు? షాఫ్ట్ పైభాగం నుంచి అంటారు. కానీ కీవే కోశాక ఆ పైభాగం అక్కడ ఉండదు, కట్టర్ తినేసింది. మిగిలింది గాడి రెండు అంచులు, అవి పైభాగం కంటే 0.66 మి.మీ. కిందకి ఉంటాయి, 8 వెడల్పు గాడికి 25 వ్యాసం మీద లెక్కేస్తే వచ్చేది అది. వెర్నియర్ డెప్త్ బార్ అంచు మీద ఆనించి కొలిస్తే 3.34 చూపిస్తుంది. ఇన్‌స్పెక్టర్ "తక్కువుంది" అంటాడు, మెషినిస్ట్ ఇంకాస్త తీస్తాడు, షాఫ్ట్ స్క్రాప్.

గాడి అడుగు నుంచి షాఫ్ట్ అవతలి వైపుకి 25 లోంచి 4 పోతే 21. ఇది చేతిలోకి తీసుకుని కొలవగలిగే కొలత, రెండు వైపులా లోహం ఉంది. దానికి టోలరెన్స్ +0, -0.2. హబ్‌లో కూడా ఇలాగే, 25 కి 3.3 కలిపి 28.3, అక్కడ +0.2, -0. కీవే వెడల్పుకి విడిగా ఫిట్ (రెండు ముక్కలు ఎంత బిగువుగా కలవాలో చెప్పే కోడ్) ఇవ్వండి, కీ బిగుతుగా ఉండాలంటే పి9, మామూలుగా షాఫ్ట్‌లో ఎన్9, హబ్‌లో జేఎస్9. ఏ కొలతైనా రాసేముందు ఒక్కసారి "దీన్ని నేనే కొలవాల్సి వస్తే ఏ సాధనం ఎక్కడ ఆనిస్తాను" అని అనుకుంటే ఇలాంటి సందేహాలు సగం రావు.

ప్రశ్న: పార్ట్స్ బాగా రావాలని ప్రతి కొలతకీ ±0.01 ఇచ్చాను. కొటేషన్ చూసి మా మేనేజర్‌కి బీపీ పెరిగింది. టోలరెన్స్ వదులు చేస్తే క్వాలిటీ పోదా?
— టెన్షన్‌లో ఉన్న డిజైనర్

జవాబు: పోదు. ఒక చిన్న లెక్క చెప్తాను, దాన్ని మీ మేనేజర్‌కి కూడా చూపించండి. ఉక్కు మీటరు పొడవుకి ఒక్క డిగ్రీ వేడికి 11.5 మైక్రాన్లు పెరుగుతుంది, కాస్త అటూ ఇటూ. మీ ప్లేటు పొడవు 200 అనుకుందాం. మెషిన్ మీద నుంచి దించిన జాబ్ గదికన్నా 5 డిగ్రీలు వెచ్చగా ఉంటే పొడవు 11.5 మైక్రాన్లు ఎక్కువ చూపిస్తుంది. అంటే మీరిచ్చిన ±0.01 లో ప్లస్ వైపుది మొత్తం ఆ వెచ్చదనానికే సరిపోయింది, అటువైపు కోతలో తప్పుకి ఒక్క మైక్రాన్ కూడా మిగల్లేదు! కొలతలన్నీ 20 డిగ్రీల దగ్గర లెక్క అని ఐఎస్‌ఓ 1 చెప్పడం ఇందుకే. ఇక అలాంటి టోలరెన్స్ ఒక ప్లేటు బయటి అంచుకి, దాన్ని ఆనుకుని ఏమీ ఉండని అంచుకి, ఎందుకండీ?

పద్ధతి ఏంటంటే, టైటిల్ బ్లాక్‌లో (డ్రాయింగ్ మూలన ఉండే వివరాల పెట్టెలో) జనరల్ టోలరెన్స్ ఒకటి పెట్టండి. ఐఎస్‌ఓ 2768-ఎం అంటే 6 నుంచి 30 వరకు ±0.2, 30 నుంచి 120 వరకు ±0.3, 120 నుంచి 400 వరకు ±0.5. పార్ట్‌లో పదింట ఎనిమిది కొలతలు నిశ్చింతగా ఇందులో పడుకుంటాయి. (ఆకారానికి, స్థానానికి ఉండే రెండో భాగం 2768-2 ని 2021 లో తీసేసి ఐఎస్‌ఓ 22081 తెచ్చారు, పాత టెంప్లేట్ వాడుతుంటే ఆ నోట్ ఒకసారి చూసుకోండి.) మిగిలిన రెండుమూడు కొలతలే అసలు పార్ట్. బేరింగ్ కూర్చునేది, పిన్ను దిగేది, జారుతూ ఆడేది. వాటికి ఫిట్ ఇవ్వండి, 20 హెచ్7 అంటే 20.000 నుంచి 20.021 వరకు. అందులో జారాల్సిన షాఫ్ట్ జి6 అయితే 19.993 నుంచి 19.980. ఇది చూడగానే మెషినిస్ట్ ఇక్కడ జాగ్రత్త పడాలని తెలుసుకుంటాడు. అన్నింటికీ ±0.01 ఉంటే ఏది ముఖ్యమో అతనికి ఎలా తెలుస్తుంది? అన్నీ ముఖ్యమంటే ఏదీ ముఖ్యం కాదన్నట్టే, చివరికి తన ఊహ ప్రకారం కొన్నింటిని వదిలేస్తాడు, అది మీ ముఖ్యమైన కొలతే కావచ్చు.

మీరు పంపిన స్కెచ్‌లో ఇంకోటి కనపడింది. ఆరు బెజ్జాలకి ఒకదాన్నుంచి ఒకదానికి గొలుసులా కొలతలు వేశారు. ఐదు దూరాలు, ఒక్కోటి ±0.1 అనుకున్నా మొదటిదానికీ చివరిదానికీ మధ్య ±0.5 వరకు జరగొచ్చు. ఒక అంచు నుంచి అన్నింటికీ విడివిడిగా ఇస్తే ఈ కూడిక ఉండదు. గొలుసే కావాలంటే మొత్తం పొడవుని బ్రాకెట్లో రిఫరెన్స్‌గా (చూసుకోవడానికి మాత్రమే, టోలరెన్స్ లేకుండా) పెట్టండి. గొలుసూ, మొత్తమూ రెండూ టోలరెన్స్‌తో ఉంటే అది గొడవకి పిలుపు.

బెజ్జాల స్థానానికి ప్లస్ మైనస్ కన్నా పొజిషన్ టోలరెన్స్ మేలు. ఎక్స్‌లో ±0.1, వైలో ±0.1 అంటే సెంటర్‌కి దొరికేది 0.2 చదరం. ఆ చదరం మూలలో ఉన్న బెజ్జాన్ని మీరు ఒప్పుకుంటున్నప్పుడు, అంతే దూరంలో ఇంకో దిక్కున ఉన్నదాన్ని ఎందుకు తిరస్కరించాలి? ఆ మూలల గుండా వృత్తం గీస్తే ⌀0.28, చదరం కంటే 57 శాతం ఎక్కువ చోటు, బోల్టుకి తేడా తెలియను కూడా తెలియదు. ఎంత ఇవ్వాలో కూడా ఊహించక్కర్లేదు. పైన మొదటి ప్రశ్నలో ఎం6 కి 6.6 బెజ్జం, తేడా 0.6. రెండు ప్లేట్లలోనూ వదులు బెజ్జాలే అయితే ఒక్కోదానికి ⌀0.6 పూర్తిగా ఇవ్వొచ్చు. అవతలి ప్లేటులో మర ఉంటే ఆ 0.6 ని రెండూ పంచుకోవాలి, చెరో ⌀0.3.

ప్రశ్న: నేను డిజైనర్ని కాదు, మిల్లింగ్ ఆపరేటర్ని. మా గోడు కూడా ఒకసారి రాయండి సార్. పాకెట్ (లోహంలో తవ్విన గుంత) లోపలి మూలలు పదునుగా, రేడియస్ లేకుండా గీస్తారు, నాలుగు గోడలకీ 0.8 ఫినిష్ అని టిక్కు పెడతారు. తిరిగే కట్టర్‌తో చదరపు మూల ఎలా వస్తుంది?
— విసిగిపోయిన ఆపరేటర్

జవాబు: రాదు. గుండ్రటి కట్టర్ తన రేడియస్ మూలలో వదిలేస్తుంది. డిజైనర్లు వింటున్నారా?

రేడియస్ రాసేటప్పుడు కూడా కట్టర్‌కి సరిగ్గా సరిపోయేది రాయకండి. 10 ఎండ్‌మిల్ తో మూల ఆర్5 వస్తుంది నిజమే, కానీ అప్పుడు కట్టర్ మూలలోకి వెళ్లి ఒక్కసారిగా పావు చుట్టు లోహాన్ని పట్టుకుని ఆగి మలుపు తిరగాలి, అక్కడ కీచుమంటూ గోడ మీద గీతలు పడతాయి. ఆర్6 రాస్తే అదే కట్టర్ మెల్లగా మలుపు తీసుకుని వెళ్లిపోతుంది. పాకెట్ లోతు పెరిగేకొద్దీ రేడియస్ కూడా పెంచండి, 40 లోతు పాకెట్‌కి ఆర్2 ఇస్తే 4 మి.మీ. కట్టర్ అంత పొడవున వేలాడుతూ వణుకుతుంది. ఆ పాకెట్‌లో చదరపు ముక్కే కూర్చోవాలంటే మూలల్లో కాస్త బయటికి వెళ్లే రిలీఫ్ గుంతలు ఇవ్వొచ్చు, లేదా కూర్చునే ముక్క మూలలు చాంఫర్ చెయ్యొచ్చు (ఏటవాలుగా కొట్టేయొచ్చు), రెండోది చవక.

ఫినిష్ సంగతి. మామూలు మిల్లింగ్‌కి ఆర్‌ఏ (ఉపరితలం గరుకుదనం, మైక్రాన్లలో) 3.2 హాయిగా వస్తుంది, కాస్త శ్రద్ధ పెడితే 1.6. 0.8 అంటే రీమర్, గ్రైండింగ్, లేదా చాలా సన్నటి ఫినిష్ కోత. లేత్ మీద చూస్తే లెక్క ఇంకా బాగా తెలుస్తుంది, టూల్ వదిలే గాడుల ఎత్తు ఫీడ్ వర్గానికి తగ్గట్టు మారుతుంది. ఫీడ్ సగం చేస్తే గాడి ఎత్తు నాలుగో వంతు అవుతుంది, టైం మాత్రం రెట్టింపు. ఎవరూ తాకని, ఏదీ ఆనని గోడకి ఆ రెట్టింపు టైం ఎందుకు? సీలు కూర్చునే ముఖానికి, బేరింగ్ సీటుకి విడిగా ఇచ్చి, మిగతాదానికి టైటిల్ బ్లాక్ దగ్గర ఒక్క 3.2 పెడితే చాలు. టిక్కు గుర్తులోనూ తేడా ఉంది, ఉత్త టిక్కు అంటే ఎలా చేసినా ఫర్వాలేదు, పైన అడ్డగీత ఉంటే లోహం తీసి తీరాలి, లోపల చిన్న వృత్తం ఉంటే తియ్యనే కూడదు. ఈ గుర్తులు మొన్నటిదాకా ఐఎస్‌ఓ 1302 ప్రకారం, 2021 నుంచి ఐఎస్‌ఓ 21920 వచ్చింది, పాత డ్రాయింగుల్లో ఇంకా వెనకటి త్రికోణాలు కూడా కనిపిస్తాయి.

మీకూ ఒక మాట. పదును మూల కనపడగానే "వాళ్లకి తెలీదులే" అని మీకు తోచిన రేడియస్ పెట్టేయకండి. అడగండి, జవాబు కాగితం మీద తీసుకోండి. ఒకసారి నేనే ఆర్3 ఉంటే ఏం అవుతుందిలే అనుకుని పెట్టాను, అందులో దిగాల్సిన గైడ్ ముక్క సగంలో ఆగిపోయింది. మొత్తం లాట్ మళ్లీ చేశాం, ఆదివారం కూడా పోయింది.

ప్రశ్న: స్కాన్ చేసిన పాత డ్రాయింగుల మీద హోల్, స్లాట్, పాకెట్, థ్రెడ్ అని బాక్సులు గీసి లేబుల్ పెట్టే పని దొరికింది. కంప్యూటర్‌కి నేర్పడానికట. నాది మెకానికల్ కాదు. పక్కపక్క కూర్చున్న ఇద్దరం ఒకే డ్రాయింగ్‌కి రెండు రకాలుగా లేబుల్ పెడుతున్నాం. ఎవరిది కరెక్టు?
— డేటా లేబులింగ్ ఉద్యోగి

జవాబు: బహుశా ఇద్దరిదీ, ముందే రూల్ అనుకోలేదు కాబట్టి. మీరు రాసినదాన్ని బట్టి గొడవ "4× ⌀6.6" దగ్గర మొదలైనట్టుంది, మీరు బెజ్జాలకి నాలుగు బాక్సులు గీశారు, మీ పక్కనవాళ్లు రాతకి ఒకటి గీశారు. బొమ్మ వేరు, రాత వేరు. రెండింటికీ విడివిడిగా బాక్సులు గీసి, ఒక రాతని నాలుగు బెజ్జాలకి లింక్ చెయ్యండి. లింక్ లేకపోతే కంప్యూటర్‌కి బెజ్జాలు కనపడతాయి, సైజులు కనపడతాయి, ఏది దేనిదో తెలియదు.

అదే బెజ్జం మూడు వ్యూల్లో మూడుసార్లు కనపడుతుంది, అది ఒక్కటే ఫీచర్. గుండ్రంగా కనపడే వ్యూని అసలు అనుకుని మిగతా రెండిటినీ దానికి కట్టండి. అలాగే కౌంటర్‌బోర్ ఉన్న బెజ్జాన్ని రెండు హోల్స్‌గా విడగొట్టకండి, ఒక ఫీచర్‌లో రెండు భాగాలు.

ఇప్పుడు మెకానికల్ వాళ్లు కూడా పప్పులో కాలేసే చోటు. పై నుంచి చూస్తే కౌంటర్‌బోర్ అంటే ఒకదాన్లో ఒకటి రెండు నిండు వృత్తాలు. కౌంటర్‌సింక్ అన్నా అవే రెండు నిండు వృత్తాలు! బొమ్మలో తేడా లేదు, గుర్తు గానీ సెక్షన్ వ్యూ గానీ చూసి తీరాలి. మర మాత్రం గుర్తుపట్టొచ్చు, లోపలి మరకి లోపల లావు వృత్తం నిండుగా, బయట సన్న వృత్తం ముప్పావు వంతు, పావు తెరిచి ఉంటుంది. స్కాన్ మసకగా ఉండి ఆ పావు ఖాళీ పూడిపోతే అది కూడా కౌంటర్‌బోర్‌లా కనిపిస్తుంది. అలాంటివాటికి "తేల్చలేనిది" అని ఒక లేబుల్ పెట్టమని మీ లీడ్‌ని అడగండి, ఊహించి పెట్టిన లేబుల్ కన్నా అది నయం.

నిలువుగా తిప్పి రాసిన కొలతలు జాగ్రత్త, 66 ని తలకిందులుగా చూస్తే 99, 68 ని తిప్పితే 89. ⌀ గుర్తుని సున్నా అనుకుని ⌀8 ని 08 అని ఎక్కించినవాళ్లని చూశాను. ఇంకా, డ్రాయింగ్ కింద మూలలో "అన్ని బెజ్జాల అంచులకి 0.5 చాంఫర్" అని నోట్ ఉంటే, బొమ్మలో చాంఫర్ గీత ఒక్కటీ ఉండదు, కానీ పార్ట్‌లో ఉంటుంది. గీసినవాటికే బాక్సులు పెట్టాలా, నోట్స్‌లో ఉన్నవీ ఫీచర్లుగా లెక్కించాలా అన్నది మీ లీడ్ తేల్చాలి, మీరు కాదు. పని మొదలయ్యాక కాకుండా ఇవాళే అడగండి.

ప్రశ్న: త్రీడీ మోడల్ పంపేస్తున్నాం కదా, ఇంకా డ్రాయింగ్ గీసి అన్నీ రాయడం దేనికి?
— స్టార్టప్‌లో పనిచేసే పాఠకుడు

జవాబు: మోడల్లోనే కొలతలు, టోలరెన్సులు, ఫినిష్ అన్నీ ఎక్కించే పద్ధతి ఉంది, దానికి ఏఎస్‌ఎంఈ వై14.41, ఐఎస్‌ఓ 16792 అనే స్టాండర్డులున్నాయి, స్టెప్ ఫైల్లో (వేర్వేరు సాఫ్ట్‌వేర్ల మధ్య మోడల్ పంపుకునే ఫైలు) ఏపీ242 అనే రకం వాటిని మోసుకెళ్తుంది కూడా. మీరూ, మీ పార్ట్ చేసేవాళ్లూ, దాన్ని కొలిచేవాళ్లూ ముగ్గురూ అది చదవగలిగితే డ్రాయింగ్ మానేయండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ చాలామంది పంపేది ఉత్త స్టెప్ ఫైలు, దాంట్లో ఎం8 మర కనపడేది ఉత్త 6.8 బెజ్జంలా. మర సంగతి ఎవరూ చెప్పకపోతే 6.8 బెజ్జమే వస్తుంది. ఎస్‌టీఎల్ రకం ఫైలైతే ఇంకా అన్యాయం, అందులో ఉండేవి త్రికోణాలే, బెజ్జం గుండ్రంగా ఉందన్న సంగతి కూడా ఫైలుకి తెలియదు.

మధ్యేమార్గంగా ఒక్క పేజీ డ్రాయింగ్ పెట్టండి. మోడల్లో ఉన్న ప్రతి కొలతా మళ్లీ రాయనక్కర్లేదు, "రాయని కొలతలు మోడల్ ప్రకారం, ఐఎస్‌ఓ 2768-ఎం" అని ఒక నోట్, ఆపైన మరలు, ఫిట్‌లు, డేటమ్‌లు (కొలతలు మొదలుపెట్టే ముఖాలు, అంచులు), ఫినిష్ మాత్రం. మోడల్ సైజు సంగతి కూడా చెప్పండి. 20 హెచ్7 బెజ్జాన్ని మీరు మోడల్లో 20.000 అని గీస్తారు, ప్రోగ్రామ్ చేసేవాడు మోడల్‌నే పట్టుకుని 20.000 కి కోస్తాడు, కట్టర్ రవ్వంత అరిగినా బెజ్జం 19.99 వస్తుంది, అది రిజెక్ట్. 20.0105 దగ్గర గురి పెట్టాల్సింది. మోడల్ నామినల్ సైజుకి (టోలరెన్స్ కలపని పేరు సైజుకి) గీశారా, టోలరెన్స్ మధ్యకి గీశారా అన్నది ఆ పేజీ మీద అన్నిటికంటే పైన రాయండి.